అది మంట కాదు... వెలుగు!

- దోహా నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్

ఎండాకాలం వస్తే ఖతార్‌లో సైటు పని రాత్రికి మారుతుందని ఇక్కడున్న మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2021లో వచ్చిన నిబంధన ఇది. దాంతో షట్టరింగ్, స్టీలు, కాంక్రీటు... సగం పని లైట్ టవర్ల కిందే నడుస్తుంది.

రెండేళ్ల కిందట అలాంటి ఒక రాత్రి. మా సైట్లో ఓ మూల లైట్ టవర్‌లో డీజిల్ అయిపోయింది. ఒక్కసారిగా చీకటి. అక్కడ లెవెల్స్ చూస్తున్న గ్రీకు సర్వేయర్ "ఫోస్! ఫోస్!" అని అరిచాడు. నా పక్కనున్న నిజామాబాద్ స్టీల్ ఫిక్సర్ "ఏందన్నా, ఆయన ఫోను పడిపోయిందా?" అన్నాడు. అందరం నవ్వాం. సర్వేయర్ కూడా నవ్వి, సెల్‌ఫోన్ టార్చి వేసి చూపించాడు. "ఫోస్... లైట్!" అన్నాడు.

ఆ రాత్రి ఇంకో సంగతి కూడా జరిగింది. దానికి ఎవరం నవ్వలేదు. అది కొంచెం ఆగి చెబుతాను. ముందు ఈ మాట సంగతి చెప్పనివ్వండి. ఎందుకంటే ఈ ఒక్క మాట తెలియకపోతే ఆ సంగతి నేను ఎవరికీ చెప్పేవాణ్ని కాదు.

సైట్లో హిందీ... అప్పట్లో గ్రీకు

దోహాలో గ్రీకులేంటి అనుకోకండి. మనం ఎక్కి తిరిగే మెట్రో గోల్డ్ లైను కట్టిన జాయింట్ వెంచర్‌లో గ్రీసుకు చెందిన ఆక్టర్, తుర్కియే కంపెనీలు, ఇక్కడి అల్ జాబర్, మన ఎల్ అండ్ టీ అన్నీ కలిసి పనిచేశాయి. 2019 నవంబరులో ఆ లైను మొదలైంది. నేను పనిచేసింది ఆ సైటు కాదు గానీ, గ్రీకు ఇంజినీర్లు, సర్వేయర్లు ఇక్కడ కొత్తేమీ కాదు.

మా సర్వేయర్‌ది థెస్సలొనీకి. బైబిలు చదివేవాళ్లకు ఆ ఊరు వేరే చెప్పాలా? పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండు ఉత్తరాలు కొత్త నిబంధనలో ఉన్నాయి. టీ టైములో ఆ మాట అంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "మా ఊరివాళ్లను పౌలు ఏమని పిలిచాడో తెలుసా? వెలుగు కొడుకులు అని" అన్నాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ 'వెలుగు సంబంధులు' అని ఉంటుంది. గ్రీకులో ఆ వెలుగుకు వాడిన మాట ఏంటని అడిగాను. ఇంకేముంది... ఫోస్! ఆ రాత్రి డీజిల్ అయిపోయినప్పుడు ఆయన అరిచిన మాటే. దాదాపు రెండు వేల ఏళ్లుగా ఆ మాట మారలేదు.

యేసు, ఆయన శిష్యులు ఇళ్లల్లో మాట్లాడుకున్నది అరామిక్. మరి సువార్తలు గ్రీకులో ఎందుకు రాశారు? ఇది మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది! మన సైట్లో నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, తెలుగు, తమిళం... అందరం ఏ భాషలో మాట్లాడుకుంటాం? హిందీలో. సరిగ్గా వచ్చినా రాకపోయినా అదే పని నడిపిస్తుంది. అప్పట్లో మధ్యధరా సముద్రం తూర్పు ఒడ్డున గ్రీకు అలాంటి భాష. వ్యాపారులు, సిపాయిలు, కూలీలు వాడిన ఆ గ్రీకుకు 'కొయినే' అని పేరు. అంటే అందరిదీ అని అర్థం.

మన 'ప్రభ'కు దగ్గరి చుట్టం

ఫోస్ మనకు కొత్త మాట అనుకుంటాం గానీ రోజూ వాడుతూనే ఉన్నాం. ఫోటో అన్నమాట అందులోంచి వచ్చిందే. ఫోటోగ్రాఫ్ అంటే వెలుగుతో గీసినది. వీసాకు, మెడికల్‌కు, ఖతార్ ఐడీకి... ఎన్ని పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఇచ్చామో లెక్కే లేదు. అన్నిటి వెనకా ఆ గ్రీకు వెలుగే ఉంది.

ఇంకో చిత్రం చూడండి. భాషలు చదివినవాళ్లు ఫోస్‌కు, సంస్కృతంలోని 'భా' అనే ధాతువుకు మూలం ఒకటే అంటారు. ప్రభ, భానుడు, ప్రభాతం, ప్రభాకర్... మన ఊళ్లో ఇంటికొక్కరికి ఉండే పేర్లు! కొత్త నిబంధనలో వేకువచుక్కకు ఒకచోట 'ఫోస్ఫోరోస్' అని ఉంది. వెలుగు మోసేది అని అర్థం. స్కూల్లో చదువుకున్న ఫాస్ఫరస్ పేరు అదే. దానికి తెలుగులో ఏమంటాం? భాస్వరం. అదీ మెరిసేదే. గ్రీకువాడు ఫ అంటే మనవాళ్లు భ అన్నారు, అంతే తేడా.

దీపం వేరు, వెలుగు వేరు

కొత్త నిబంధనలో ఫోస్ అనే మాట 70 సార్లకు పైగా వస్తుంది. దాని పక్కనే ఇంకో మాట ఉంటుంది... లిఖ్నోస్. అంటే నూనె పోసి వత్తి వేసి వెలిగించే దీపం. పెళ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యల కథలో ఇంకో మాట, లంపాస్. మన లాంపు దాని మనవడే. తెలుగు బైబిల్లో అక్కడ 'దివిటీలు' అన్నారు. ఆకాశంలో సూర్యచంద్రులకు పాత నిబంధన గ్రీకు అనువాదంలో వాడిన మాట ఫోస్టీర్. అదే మాటను పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ మామూలు మనుషులకు వాడాడు. తెలుగు అనువాదకులు రెండుచోట్లా 'జ్యోతులు' అనే పెట్టారు. ఎంత శ్రద్ధగా పనిచేశారో చూడండి.

తెలుగులో ఈ పని చిన్నదేం కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే ఆయన వాళ్లకు తోడున్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న అనువాదం ఆ తర్వాతి వాళ్ల కష్టం.

ఇంతకీ దీపానికీ వెలుగుకూ తేడా ఎందుకు? యోహాను సువార్తలో బాప్తిస్మమిచ్చే యోహానును లిఖ్నోస్ అన్నారు. మండుతూ ప్రకాశించే దీపం. అంత గొప్ప మనిషి కూడా ఫోస్ కాదని ఆ సువార్త మొదట్లోనే తేల్చి చెప్పింది. తనను లోకానికి వెలుగుగా యేసు చెప్పుకున్నచోట మాత్రం ఫోస్ ఉంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మత్తయి సువార్త ఐదో అధ్యాయం తీయండి. కొండమీద కూర్చుని జాలరులకు, రైతుకూలీలకు, రోగులకు చెప్పేటప్పుడు లోకానికి మీరే వెలుగు అంటాడాయన. అక్కడ దీపం అనే మాట వాడితే సరిపోయేది. కాదు, అక్కడ కూడా ఫోస్! దీపాన్ని వెలిగించి కుంచం కింద పెట్టరని చెప్పేది ఆ తర్వాతే.

మనం సైట్లో బల్బునూ లైటే అంటాం, అది ఇచ్చే వెలుతురునూ లైటే అంటాం. దాంతో ఒక పొరపాటు జరుగుతుంది. లైట్ టవర్ నిలబెట్టాం కదా, వెలుతురు ఉన్నట్టే అని రాసుకుంటాం. టవర్ ఉంటే చాలదు. దాని వెలుతురు మనిషి కాలు పెట్టేచోట పడాలి.

లక్స్ మీటరు చెప్పేది

సేఫ్టీవాళ్లు తెచ్చే చిన్న మీటరు చూసే ఉంటారు. దానిమీద లక్స్‌లో అంకె కనిపిస్తుంది. లక్స్ అంటే లాటిన్ భాషలో వెలుగు. బైబిలును లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఫోస్ ఉన్నచోట ఎక్కువగా పెట్టిన మాట అదే. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుతురు పడితే ఒక లక్స్. అమెరికా సేఫ్టీ నిబంధనల్లో మామూలు నిర్మాణ పనిచోటుకు 5 ఫుట్ క్యాండిల్స్ అని ఉంటుంది. అంటే సుమారు 54 లక్స్.

ఈ మీటరును దీపం దగ్గర పెట్టి కొలవరు. పని జరిగేచోట పెట్టి కొలుస్తారు. నాకు ఫోస్ అర్థమైంది ఇక్కడే. అది ఎక్కడ వెలుగుతోంది అన్నది కాదు, దేన్ని చూపిస్తోంది అన్నదే లెక్క. యోహాను సువార్త మూడో అధ్యాయంలోనూ ఇదే సంగతి. తప్పు చేసేవాడు ఫోస్ దగ్గరికి రాడు, వస్తే చేసింది బయటపడుతుంది కాబట్టి. వెలుగు అనగానే మనం క్రిస్మస్ నక్షత్రం, కొవ్వొత్తి, శాంతి అనుకుంటాం. ఆ మాటలో ఈ భయం కూడా ఉంది.

పేతురు చలి కాచుకున్న చోట

శుక్రవారం మసైమీర్‌లోని రెలిజియస్ కాంప్లెక్స్‌కు వెళ్లినవాళ్లకు ఆ చోటు తెలుసు. అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా ఇచ్చిన స్థలంలో, 2008 మార్చిలో అక్కడ క్యాథలిక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఆ తర్వాత ఆంగ్లికన్లకు, ఆర్థడాక్స్ వాళ్లకు, భారతీయ సంఘాలకు చోటు దొరికింది. బయట సిలువ కనిపించదు, గంట మోగదు. లోపల మాత్రం ఒక్కో హాల్లో ఒక్కో భాష. మలయాళం ముగిస్తే తమిళం, ఆ పక్కన తెలుగు, తగాలోగ్. క్యాంపు బస్సుల్లో వచ్చిన మనవాళ్లు ఇస్త్రీ చొక్కాలతో వరుసగా నిలబడి ఉంటారు.

ఆ రాత్రి జరిగిన మూడో శుక్రవారం, తెలుగు ప్రార్థనలో మార్కు సువార్త 14వ అధ్యాయం చదివారు. యేసును పట్టుకెళ్లాక పేతురు దూరదూరంగా వెంట వెళ్లి, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట బంట్రోతులతో కూర్చుని చలి కాచుకుంటాడు. ఒక పనిపిల్ల గుర్తుపడుతుంది. నువ్వూ ఆయన మనిషివే కదా అంటే, తనకేమీ తెలియదంటాడు. చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్న కథ. ఆ రోజు మాత్రం నాకు కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు సర్వేయర్‌ని ఆ వాక్యం గ్రీకులో తీయమన్నాను. ఫోన్లో చూశాడు. పేతురు చలి కాచుకున్నది మన తెలుగులో 'మంట' దగ్గర. లాటిన్‌లోనూ నిప్పు అనే ఉంటుంది. "కానీ మార్కు రాసింది ఫోస్" అన్నాడాయన. నిప్పుకు గ్రీకులో వేరే మాట ఉంది, పిర్. లూకా సువార్తలో ముందు ఆ నిప్పు మాట వస్తుంది, ఆ తర్వాత పనిపిల్ల పేతురును తేరిపార చూసినచోట ఫోస్ వస్తుంది. మార్కు అయితే పేతురు చలి కాచుకున్న మంటనే ఫోస్ అన్నాడు.

అనువాదకుల తప్పేం లేదు. వెలుగు దగ్గర చలి కాచుకున్నాడంటే మనకు వింతగా ఉంటుంది. కానీ గ్రీకులో చదివినవాడికి ఒకటి తెలుస్తుంది. పేతురు వేడి కోసం వెళ్లి వెలుగులో కూర్చున్నాడు. చీకట్లో ఉండిపోతే ఆయన్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ముఖం మీద వెలుగు పడింది కాబట్టే దొరికిపోయాడు. అబద్ధమాడింది కూడా ఆ వెలుగులోనే.

ఆ రాత్రి జరిగింది

ఇప్పుడు నా సంగతి.

లైట్ టవర్ ఆరిపోయినప్పుడు ఆ మూల గోడ షట్టరింగ్‌లో రెండు నట్లు బిగించాల్సి ఉంది. స్కాఫోల్డింగుకు పచ్చ ట్యాగు వేయలేదు. డీజిల్ రావడానికి అరగంట పడుతుందన్నారు. తెల్లారేలోపు కాంక్రీటు పోయాలి. అవతల పంపు వచ్చి నిలబడింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్ అక్కడున్నాడు. నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అన్నా అనే పిలుస్తాడు. "రెండు నట్లే కదా, ఎక్కి బిగించు" అన్నాను. ఎక్కాడు. చీకట్లో పలక జారి, రెండు మీటర్ల పైనుంచి పడ్డాడు. కుడిచేతి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

పోర్టా క్యాబిన్‌లో సేఫ్టీ ఆఫీసర్ కూర్చోబెట్టి అడిగాడు. నెత్తిమీద ట్యూబులైటు. "నువ్వు ఎక్కమన్నావా?"

"లేదు సార్. వాడే ఎక్కాడు."

పేతురును మూడుసార్లు అడిగారు. నన్ను ఒక్కసారే అడిగారు. నాకు ఒక్కసారే సరిపోయింది. రిపోర్టులో అదే రాసి సంతకం పెట్టాను.

ఆ ఒక్క వాక్యం ఖరీదు ఎంతో మనవాళ్లు తెలుసుకోవాలి. ఖతార్ 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. వైద్యం సాగే కాలానికి, ఆరు నెలల వరకు, పూర్తి జీతం ఇవ్వాలి. ఆ తర్వాత కూడా వైద్యం సాగితే సగం జీతం. శాశ్వతంగా అవయవ నష్టం జరిగితే పరిహారం వేరు. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. కార్మికుడు భద్రతా సూచనలను కావాలని ఉల్లంఘించాడని తేలితే ఇవి వర్తించవు. అంటే "వాడే ఎక్కాడు" అన్న నా రాత, విరిగిన చేతికి రావాల్సిన డబ్బును ఆపగల రాత. ఆపింది కూడా. ఆ నెల అతనికి జీతం పడలేదు.

క్యాంపుకు చూడబోయాను. చేతికి కట్టుతో పై బెడ్ ఎక్కలేక కింద చాప మీద పడుకున్నాడు. రూమువాళ్లే అన్నం కలిపిపెడుతున్నారు. నన్ను తిట్టలేదు. "అన్నా, నువ్వు ఎక్కుమంటెనే ఎక్కిన గద?" అన్నాడు. తనకే అనుమానం వచ్చినట్టు, నన్ను అడిగి తెలుసుకుంటున్నట్టు అన్నాడు. నేను పండ్ల కవరు అక్కడ పెట్టి వచ్చేశాను.

పేతురు మాట విన్నది ఆ వారమే. సర్వేయర్ 'ఫోస్' అని చదివి చెప్పింది ఆ మర్నాడే. యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయంలో, వెలుగులో ఉన్నానంటూ తోటివాణ్ని ద్వేషించేవాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడని ఉంటుంది. నేను అతన్ని ద్వేషించలేదు. కానీ అతని చేయి కంటే నా ఉద్యోగం ముద్దనుకున్నాను. దానికి వేరే పేరు నాకు దొరకలేదు.

రెండు రోజులు నిద్రపట్టలేదు. ఇంట్లో చెబితే మా ఆవిడ "ఉద్యోగం పోతే?" అంది. తప్పులేదు. ఊళ్లో ఇంటి అప్పు ఇంకా ఉంది. మూడో రోజు సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి పోయి, "సార్, ఎక్కమన్నది నేనే. ట్యాగు లేదని తెలుసు, లైటు లేదని తెలుసు" అని మళ్లీ రాసిచ్చాను. ఆయన చాలాసేపు కాగితం వైపే చూశాడు.

నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. మూడు నెలలు సైటు అలవెన్సు పోయింది. ఆర్నెల్లు స్టోరు యార్డులో పైపులు లెక్కపెట్టాను. అతనికి ఆగిన జీతం వచ్చింది, పరిహారం కాగితాలు కదిలాయి. అంతా బాగైపోయిందని మాత్రం చెప్పను. ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. ఇంటికి వెళ్లిపోయాడు. సుత్తి పట్టే పని ఇక చేయలేడు. నేను నిజం చెప్పినందుకు ఆ చేయి అతుక్కోలేదు. చెప్పకపోయి ఉంటే చేయితో పాటు అతని మాట కూడా విరిగి ఉండేది.

మెదక్ చర్చి అద్దాలు

మాది మెదక్ దగ్గర పల్లె. మా చర్చి గురించి వినే ఉంటారు. కరువు రోజుల్లో పాదరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి పనిచ్చి, కూలికి అన్నం పెట్టి కట్టించాడు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. లోపల లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వేసిన మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి... యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం.

చిన్నప్పుడు క్రిస్మస్‌కు పోతే సాయంత్రం చీకటిపడ్డాక వాటిని చూడాలని మారాం చేసేవాణ్ని. లోపల ఎన్ని లైట్లు వేసినా అద్దాలు నల్లగా ఉండేవి. "పొద్దుగాల రావాలె బిడ్డా. బయటి ఎలుగు వస్తెనే అవి కనిపిస్తయి" అనేది అమ్మ. అమ్మకు గ్రీకు రాదు. ఫోస్ అంటే ఏంటో నాకు మొదట చెప్పింది మాత్రం ఆమే. మన లోపలి లైట్లు మనల్ని చూపించవు. బయటి నుంచి పడాలి.

ఈ మాట క్రైస్తవులకే అని కాదు. మా నిజామాబాద్ తమ్ముడు ఖురాన్‌లో 24వ సూరా పేరే నూర్ అంటాడు, వెలుగు అని. మన ఇళ్లల్లో సందెదీపం పెట్టని వాళ్లెవరు? ఎవరి గ్రంథం వాళ్లకు. సైట్లో చీకటి మాత్రం అందరికీ ఒకటే.

ఇప్పుడు మళ్లీ రాత్రి షిఫ్టులోనే ఉన్నాను. పని మొదలయ్యే ముందు మీటరు తీసుకుని, మనిషి కాలు పెట్టేచోట పెట్టి చూస్తాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు మొదటిరోజే మూడు మాటలు చెబుతాను. దెబ్బ తగిలితే ఎంత చిన్నదైనా అదే రోజు రాయించండి. మీకు చదవరాని కాగితం మీద సంతకం పెట్టకండి. లైటు లేకపోతే ఎక్కకండి... ఎక్కమన్నది నేనైనా సరే!